ముత్తవ్వ దోసిళ్ళు

గాలి నిలవని రోజది. సముద్రం మీంచి కొండెక్కి వచ్చిన గాలి ప్రయోగశాల కిటికీలను తట్టి, తలుపులను నెట్టి, లోపల దేనికోసమో వెతికి, దొరక్క వెనక్కి మళ్ళుతోంది. నూకరత్నం తన ఎడమ మోచేతి మడతలో తానే సూది దించుకుని, గాజుగొట్టంలోకి రక్తం చేరుతుంటే కిటికీకేసి చూస్తోంది. ఈ పని ఆమెకు కొత్త కాదు. ఏడాదిగా ముత్తవ్వ, ఈ ప్రయోగశాలలో పుట్టించిన ఎంజైము, ఏం చేసినా, చేసింది సరో కాదో తేల్చింది ఈ చేతిలోని రక్తమే.

గొట్టం యంత్రంలో తిరిగి ఆగింది. ఎరుపు అడుగుకు దిగింది, లేత పసుపు సీరం పైకి తేలింది. అందులోంచి ఒక చుక్క తీసి తెల్లని పలక మీద వేసి, దాని పక్కన ముత్తవ్వ తాకిన రక్తం ఒక చుక్క వేసి, పుల్లతో కలిపి, పలకను అటూ ఇటూ వాల్చింది. మామూలు రక్తమే అయితే ఈపాటికి విరిగిన పాలలా ముక్కలు ముక్కలుగా గడ్డకట్టేది. ఇది కట్టలేదు. పారాణి నీళ్ళలా నున్నగా, పలక వాలినవైపల్లా పారింది.

"ఇవాళా నున్నగానే ఉందండీ," అంది.

ఆచార్య సోమనాథం కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయన సంతోషించే పద్ధతి అదే. ఇక ఆలస్యం వద్దని, అనుమతుల సంఘానికి ఈ వారమే రాస్తానని చెప్పాడు. ఆమె తల ఊపింది గాని మనసు ఊపలేదు. ఎక్కడో ఏదో కదులుతోంది. కదులుతున్నదేమిటో పట్టుకుందామంటే ఈ గాలిలాగే జారిపోతోంది.

నూకరత్నానిది వేలమందిలో ఒకరికి ఉండే రక్తం. వైద్యులు దాన్ని బాంబే గ్రూపు అంటారు. తక్కిన మనుషులందరి ఎర్రకణాల మీదా ఒక మొదటి చక్కెర ఉంటుంది. దాని మీద ఒక చక్కెర తగిలిస్తే ఏ గ్రూపు, మరొకటి తగిలిస్తే బి గ్రూపు, ఏదీ తగిలించకుండా వదిలేస్తే ఓ గ్రూపు. నూకరత్నం కణాల మీద ఆ మొదటి చక్కెరే లేదు. కాబట్టి ఆమె ఒంటికి లోకంలోని రక్తమంతా పరాయిదే. అందరికీ పనికొస్తుందనే ఓ గ్రూపు కూడా ఆమెకు విషమే.

చక్కెరను ఒకచోటి నుంచి మోసుకొచ్చి మరోచోట తగిలించే ఎంజైములు లోకమంతటా ఉన్నాయి. బాక్టీరియాలో ఉన్నాయి, బఠాణీ తీగలో ఉన్నాయి, మనిషి ఎముక మూలుగలో ఉన్నాయి. వాటి అక్షరాలను వరుసగా పేర్చి చూస్తే ఒకదానికొకటి చుట్టమని ఎవరూ అనరు. కోటానుకోట్ల ఏళ్ళ ఒరిపిడిలో అక్షరాలు అరిగిపోయాయి. కాని నూకరత్నం ఈ ప్రయోగశాలలో అడుగుపెట్టిన కొత్తలో సోమనాథం తెర మీద బఠాణీ ఎంజైము ఆకారాన్ని తెచ్చి, దాని మీద మనిషి ఎంజైము ఆకారాన్ని వాల్చి, మెల్లగా తిప్పి కూర్చాడు. రెండూ ఒకదానిలో ఒకటి ఒదిగిపోయాయి. ఎదురెదురుగా పట్టిన రెండు దోసిళ్ళు, దోసిళ్ళ నడుమ ఒక లోయ, లోయ మీద మూసుకుని తెరుచుకునే చిన్న రెప్ప. మాట మరిచిపోయినా పోలిక పోలేదమ్మా అన్నాడాయన. ఆ పూట ఆమె అన్నం మాట మరిచి తెర ముందే కూర్చుంది.

ఆ పోలికల వెంట వెనక్కి నడిచారు ఇద్దరూ. మనవరాళ్ళ ముఖాలు చూసి అవ్వ ముఖం, అవ్వల ముఖాలు చూసి వాళ్ళ అమ్మ ముఖం ఊహించుకుంటూ పోయి, భూమ్మీద ఇప్పుడెక్కడా లేని ఒక మూల ఎంజైమును అక్షరం అక్షరంగా రాసి, బాక్టీరియా కడుపులో పోసి, పుట్టించారు. దానికి ముత్తవ్వ అని పేరు పెట్టింది నూకరత్నమే.

ముత్తవ్వ పుట్టగానే వాళ్ళను తెల్లబోయేలా చేసింది. చక్కెర తగిలిస్తుందనుకుంటే, ఊడదీసింది. చక్కెరను మోసే అణువును వాళ్ళు బుట్ట అనేవారు. మనవరాళ్ళు, అంటే ఇప్పటి ఎంజైములు, నిండు బుట్టనే పట్టుకుంటాయి, అందులోని చక్కెరను కణానికి ఇస్తాయి, అంతటితో సరి. ముత్తవ్వ ఖాళీ బుట్టను కూడా పట్టుకుంటుంది. పాత్రనిండా ఖాళీ బుట్టలు పోస్తే, కణాల మీది చక్కెరను ఒలిచి వాటిలో నింపుతుంది. అలా ఒలిచిన ఓ గ్రూపు రక్తమే ఇప్పుడు పలక మీద నున్నగా పారింది. అంటే బాంబే గ్రూపు మనిషికి లోకంలో మొదటిసారిగా పరాయి రక్తం సొంతం కాబోతోంది.

సూక్ష్మదర్శినితో తీసిన ముత్తవ్వ బొమ్మలో ఒక్క లోపం ఉంది. దోసిళ్ళు స్పష్టంగా కనిపించాయి. రెప్ప ఉండవలసిన చోట మాత్రం పొగ కమ్మినట్టు మసక. పరికరం చేతగానితనం అనుకుని దాటిపోయారు.

*

భీమిలి దారిలో జనపనార మిల్లు కాలనీ. ఆ కాలనీలో మేడమెట్ల కింద వాటాలో నూకరత్నం తమ్ముడు గౌరునాయుడు, అతని భార్య దాలమ్మ, నాలుగేళ్ళ కూతురు. దాలమ్మ మళ్ళీ నిండుచూలాలు. బిడ్డకు అన్నం మోసే మాయ కిందికి దిగి దారికి అడ్డం పడింది. కోసి తీయాలి, కోస్తే నెత్తురు ఆగదు అని వైద్యులు ముందే చెప్పారు.

దాలమ్మదీ అదే రక్తం.

అది వింతేమీ కాదు. ఆ రెండిళ్ళూ తరాలుగా పిల్లలను ఇచ్చి పుచ్చుకుంటున్నాయి. ఈ ఇంటి పిల్ల ఆ ఇంటికి పోతే, ఆ ఇంటి పిల్ల ఈ ఇంటికి రావాలి. నూకరత్నాన్ని దాలమ్మ అన్న అప్పలసూరికి ఇచ్చారు, అదే పందిట్లో దాలమ్మను గౌరునాయుడు చేసుకున్నాడు. కుండమార్పిడి అంటారు దాన్ని. ఒక కాపురం కదిలితే రెండోదీ కదులుతుంది కాబట్టి రెండూ కదలవని పెద్దల ధీమా. ఇంటి పిల్ల ఇంట్లోనే ఉంది, ఇంటి పొలం ఇంట్లోనే ఉంది. దాంతోపాటు రక్తంలోని ఒక లోటు కూడా బయటికి పోయే దారి లేక, ఆ రెండు గడపల మధ్యే తిరిగి తిరిగి ఇద్దరు ఆడవాళ్ళలో నిలిచిపోయింది.

దాలమ్మ తొలికాన్పుకు రక్తం ఇచ్చింది నూకరత్నమే. ఒక్క దాలమ్మకేమిటి, ఏ ఊరి ఆసుపత్రి నుంచి ఫోను వచ్చినా రైలెక్కేది. ఫోను అర్ధాంతరంగా మోగేది. వెళ్ళనంటే ఒక ప్రాణం పోతుంది, వెళ్తే తన ఒళ్ళు తరుగుతుంది. తరిగి తరిగి, ఇక ఇవ్వడానికి వీల్లేదని వైద్యులు ఆమె చేతిని తిప్పి పంపిన నెలలోనే దాలమ్మ నెల తప్పింది. ముత్తవ్వను పుట్టించాలన్న పట్టుదల వెనక విజ్ఞానం ఎంత ఉందో, ఆ ఫోను మోతనుంచి పారిపోవాలన్న ఆరాటం అంతే ఉంది. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు.

ఆదివారం చూడబోతే దాలమ్మ గడపలో కాళ్ళు చాపుకుని కూర్చుని బీరకాయ చెక్కు తీస్తోంది. అప్పటికే పాదాలు పొంగి పట్టీలు బిగిశాయి.

"ఏటొదినా, మీ ముసిల్ది ఎలగుంది?" అంది. ముత్తవ్వ గురించి.

బాగుందని, చెప్పిన పనల్లా చేస్తోందని నూకరత్నం చెప్పింది.

"సెప్పిన పని సేసే ముసిల్ది మన రెండిళ్ళల్లో ఎక్కడా నేదు. అదెవలి పిల్లో మరి," అని నవ్వి, చీర కుచ్చిళ్ళ మీది చెక్కు దులుపుకుంది. తర్వాత చేయి చాపింది. "పరీచ్చలకి నా రగతం ఒక్కపాలన్నా తియ్యవేటి? ఎక్కేది నాకు గదా."

ఇదే మాట దాలమ్మ ఇదివరకూ అంది. అన్నప్పుడల్లా నూకరత్నం ఆ చేతిని పట్టుకుని ఒడిలో పెట్టేది. పాలిపోయిన చేయి. కడుపులో ఒకటి తాగుతుంటే తాను కూడా తాగడమా?

"నీదీ నాదీ ఒకటే కదే అమ్మీ. నాది సరిపోతే నీది సరిపోయినట్టే," అంది ఆనాడు కూడా.

*

సంఘం అనుమతి ఇచ్చింది. అదే రక్తం ఇచ్చే మరో మనిషి దొరకలేదని, ఇంకే దారీ లేదని ఇద్దరు వైద్యులు సంతకం చేస్తే, ఈ ఒక్క మనిషికి, ఈ ఒక్క కాన్పుకు. ముత్తవ్వ ఒలిచిన రక్తం నాలుగు సంచులు మంచుపెట్టెలో పెట్టుకుని సోమనాథం, నూకరత్నం ఆసుపత్రికి చేరేసరికి దాలమ్మ అక్కడ మంచం మీద ఉంది. కోత ఎల్లుండికి అనుకున్నారు.

ఎవరి రక్తం ఎవరికి ఎక్కించాలన్నా, ఎక్కేవాళ్ళ సీరంతో ముందు కలిపి చూడాలి. రక్తనిధిలోని వైద్యురాలు దాలమ్మ సీరం ఒక చుక్క, సంచిలోని రక్తం ఒక చుక్క కలిపింది. అలవాటుగా పలకను వాల్చింది. మళ్ళీ వాల్చింది. దీపం కింద పెట్టి, పక్కకు జరిగి నూకరత్నానికి చోటిచ్చింది.

సన్న రవ్వ. ఎర్రని నీళ్ళలో బొంబాయి రవ్వ చల్లినట్టు, చూడగా చూడగా కనిపించే గడ్డలు.

నూకరత్నం అక్కడికక్కడే తన రక్తం తీయించి, తన సీరంతో కలిపించింది. నున్నగా పారింది. పలక మీద రెండు చుక్కలు, ఒకే సంచిలోని రక్తం, పక్కపక్కన. ఒకటి నిమ్మళం, ఒకటి కల్లోలం. నాలుగు సంచులకూ అదే తీరు.

తప్పేమిటో వైద్యురాలే మెల్లగా చెప్పింది. దాలమ్మ తొలికాన్పులో పుట్టిన బిడ్డది మామూలు రక్తం. ఆ మొదటి చక్కెరను దాలమ్మ ఒళ్ళు అప్పుడే దగ్గరగా చూసింది, పగబట్టింది, పదును పెట్టుకుంది. వెయ్యి చక్కెరల్లో పది మిగిలినా పోల్చుకుంటుంది. నూకరత్నానికి ఉన్న ఒక్క కొడుకూ కడుపున పుట్టినవాడు కాదు, అప్పలసూరి అన్నగారి బిడ్డను తెచ్చి పెంచుకున్నారు. ఆమె ఒంటికి ఆ పదును తెలియదు. ఏడాదిపాటు చూపు మందగించిన న్యాయమూర్తి ముందు సాక్ష్యాలు పెట్టి గెలిచామనుకున్నారు.

ఎక్కించి ఉంటే అన్న ఆలోచన నూకరత్నాన్ని గదిలోంచి బయటికి నెట్టింది. నడవాలో ఈ కొసనుంచి ఆ కొసకు, ఆ కొసనుంచి ఈ కొసకు తిరిగింది. గౌరునాయుడు బెంచీ మీంచి లేచి ఏటైనాది అప్పా అని అడిగాడు. పరీక్ష ఇంకా తేలలేదని చెప్పి, అతని ముఖం చూడలేక కిందికి దిగి, ప్రయోగశాలకు ఆటో పిలిచింది.

తెర మీద ముత్తవ్వ. రెండు దోసిళ్ళు, నడుమ లోయ, లోయ మీద పొగ. ఆ పొగను ఎన్నిసార్లు చూసిందో. ఇవాళ దాన్నే చూసింది, తక్కినదంతా వదిలి. పక్కన మనవరాలి బొమ్మ పెట్టింది. మనవరాలి రెప్ప స్పష్టంగా, గట్టిగా, ఒకే భంగిమలో మూసుకుని ఉంది. నిండు బుట్ట వస్తేనే మూసుకునే రెప్ప అది. ముత్తవ్వ రెప్ప మసకగా ఉన్నది పరికరం లోపం వల్ల కాదు. అది ఆగదు. నిండు బుట్టకూ మూసుకుంటుంది, ఖాళీ బుట్టకూ మూసుకుంటుంది. వేలాది ముత్తవ్వల బొమ్మలు కలిపి చూస్తే సగం ఇటు, సగం అటు, అందుకే పొగ.

పుచ్చుకునే చేయే ఇచ్చే చేయి. కణం మీది చక్కెరను తీసి బుట్టలో వేస్తుంది. బుట్టలు నిండుతున్నకొద్దీ, అవే బుట్టల్లోంచి తీసి మళ్ళీ కణానికి తగిలిస్తుంది. పాత్ర మూసి ఉన్నంతకాలం ఆ ఇచ్చిపుచ్చుకోవడం ఆగదు. చక్కెర బయటికి పోయే దారి లేదు. ఎంతసేపు ఉంచినా ఆ చివరి పది మిగిలే తీరుతాయి.

రెండిళ్ళ మధ్య తిరిగే పిల్లల్లాగే అనుకుంది నూకరత్నం. అనుకున్నాక ఉలిక్కిపడి లేచింది. పుచ్చుకున్నదాన్ని మూడో ఇంటికి ఇచ్చెయ్యాలి. తిరిగి రాని ఇంటికి.

*

ఆ మూడో ఇల్లు ప్రయోగశాలలోనే ఉంది. పోలికలు చూడడానికని ఎప్పుడో చేసి చలిపెట్టెలో దాచిన బఠాణీ ఎంజైము. అది అసలైన మనవరాలు, ఇవ్వడమే తప్ప తీసుకోవడం ఎరగదు. పైగా మనిషి కణం దానికి పరాయిది, అది చక్కెరను తగిలించేది మొక్కల గోడల్లో ఉండే ఒక జిగురుకు మాత్రమే. అలాంటి జిగురు చింతపిక్కల పప్పులో పుష్కలం. ఆ జిగురును సన్నని పూసలకు పట్టించి, బఠాణీ ఎంజైమును కలిపి, ముత్తవ్వ పాత్రలో పోశారు. ముత్తవ్వ కణం మీంచి ఒలిచి బుట్ట నింపుతుంది. బఠాణీ ఆ బుట్టను గుంజుకుని చక్కెరను చింతపిక్కల జిగురుకు ఇచ్చేస్తుంది. ఖాళీ అయిన బుట్ట మళ్ళీ ముత్తవ్వ ముందుకు వస్తుంది. నిండు బుట్ట నిలిచే వీలే లేదు.

ఏదైనా తెచ్చిపెట్టేదుందా అని వచ్చిన గౌరునాయుడు ఆ జిగురు వాసన చూసి, మా మిల్లులో నూలుకి పెట్టే గంజి ఇదే గదా అన్నాడు. ఔనంది. అతను వంగి పాత్రలోకి చూశాడు. గంజి మంచిదే అప్పా, నూలు తెగనివ్వదు అన్నాడు, తనకు తాను చెప్పుకున్నట్టు.

మర్నాటి మధ్యాహ్నానికి రక్తాన్ని కడిగి, వడగట్టి, మళ్ళీ కడిగి తీసుకెళ్ళారు. ఈసారి దాలమ్మ సీరమే న్యాయమూర్తి. పలక వాలింది. చుక్క పారింది. మళ్ళీ వాలింది, మళ్ళీ పారింది. రవ్వ లేదు, నలుసు లేదు. వైద్యురాలు కొత్త పలక తీసి ఇంకొకసారి చేసింది. నున్నన.

సోమనాథం కళ్ళజోడు తీశాడు. నూకరత్నం మాత్రం ఇంకా కుదురుకోలేదు. ఎంత కడిగినా ముత్తవ్వ రవంతైనా రక్తంలో మిగలదని ఎవరు చెప్పగలరు? పాత్రలో ఖాళీ బుట్టలు పోశాం కాబట్టి పుచ్చుకుంది. ఒంట్లో అలా కాదు. కోతపెట్టిన చోట చిట్లే కణాల్లోంచి నిండు బుట్టలు ఒలుకుతాయి. నిండు బుట్ట చేతికి వస్తే ముత్తవ్వ ఇస్తుంది. పుట్టినప్పటి నుంచీ చక్కెర ఎరగని దాలమ్మ సొంత కణాలకు చక్కెర తగిలిస్తుంది. అప్పుడు దాలమ్మ ఒళ్ళు తన నెత్తురునే పరాయిదనుకుని విరుచుకుపడుతుంది. కొలిచే పరికరం సున్నా అంటోంది. పరికరం చూపే సున్నా, నిజమైన సున్నా ఒకటి కావు.

నూకరత్నం ఒక నిశ్చయానికి వచ్చి దాలమ్మ మంచం దగ్గరికి వెళ్ళింది. వైద్యులు ఒప్పుకోరని తెలుసు. ఒప్పుకోకపోయినా సరే, ఒక సంచి ముందు తన ఒంట్లోకి ఎక్కించుకుంటానని, రేపు పొద్దుటికి తాను నిలబడి ఉంటే నిశ్చింతగా దాలమ్మ ఎక్కించుకోవచ్చని చెప్పింది.

దాలమ్మ తలగడ సర్దుకుని, కడుపు మీద చేయి వేసుకుని, వదిన ముఖంలోకి చూసింది.

"నీకేటీ అవ్వకపోతే?"

"నీకూ ఏటీ అవ్వదు."

"అలగని నీకెవలు సెప్పినారు? ఇన్నాళ్ళూ అలగే అనుకున్నావు గదా."

నూకరత్నం తన మోచేతి మడతలోని సూది గుర్తును చూసుకుంది.

"నువ్వూ నానూ ఒకటి కాదొదినా," అంది దాలమ్మ. గొంతులో కోపం లేదు. కాలనీ కుళాయి దగ్గర బిందె జరపమన్నంత మామూలుగా అంది. "మీ ఇంట్లోంచి నువ్వొచ్చినావు, మా ఇంట్లోంచి నానెల్నాను. మీ అమ్మ, మా అమ్మ, అందరూ ఒక్కటే రగతం, ఒక్కటే రగతం అని మనల్ని పెంచినారు. నా సెయ్యి సాపితే నువ్వు ఒళ్ళో ఎట్టుకున్నావు గాని సూది ఎట్టినేదు. ఇప్పుడు నా బదులు నువ్వు సచ్చి సూపిత్తానంటన్నావు. అది నాకెందుకు?"

కిటికీ తలుపు గాలికి కొట్టుకుంది. పక్క మంచం మీది మనిషి లేచి గడియ వేసింది.

"ఏటి అవ్వొచ్చో సెప్పు. దాపకుండా సెప్పు. ఇనుకుని నానే సెప్తాను, ఎక్కించుకోడమో మానడమో."

నూకరత్నం చెప్పింది. ముత్తవ్వ రెప్ప సంగతి, బుట్టల సంగతి, చింతపిక్కల సంగతి, ఎంత కడిగినా మిగలగలదన్న సంగతి, మిగిలితే ఏమవుతుందో ఆ సంగతి. ఒక పాఠంలా మొదలైన మాట మధ్యలో తడబడి, దాలమ్మ అడిగే ప్రశ్నలకు జవాబులుగా మారి, చివరికి ఇద్దరు ఆడవాళ్ళు కూర వండే తీరు మాట్లాడుకున్నట్టు సాగింది. ఎక్కించుకోకపోతే ఏమవుతుందని దాలమ్మ అడిగింది. నూకరత్నం అది కూడా చెప్పింది. అక్కడ అనుమానం లేదు.

"మరైతే ఎక్కించండి," అంది దాలమ్మ. "పొట్టలో దానికి తొందరగుంది."

*

తొందరే అయింది. తెల్లవారి కాఫీలవేళకు నెత్తురు కనపడింది. అనుకున్న గంటకు ముందే కత్తెరలు కదిలాయి. నూకరత్నం నడవాలో తిరిగింది, గౌరునాయుడు తిరిగాడు. ఎదురుపడినప్పుడల్లా ఒకరికొకరు దారి ఇచ్చుకున్నారు. లోపలికి ఒక సంచి వెళ్ళింది, రెండోది వెళ్ళింది, మూడోది వెళ్ళింది. నాలుగోదానికి నర్సు రాలేదు. రాకపోవడం మంచికో చెడుకో తెలియక నూకరత్నం గోడను పట్టుకుని నిలబడ్డంతలో, లోపల ఒక సన్నని గొంతు ప్రపంచం మీద ఫిర్యాదు మొదలుపెట్టింది.

ఆడపిల్ల. తల్లి కళ్ళు తెరిచింది.

మొదటి రోజు గడిచింది. రెండో రోజు దాలమ్మ లేచి కూర్చుని, గంజి తాగి, బిడ్డ ముక్కు అప్పలసూరి ముక్కులా ఉందని, మేనమామ పోలిక వద్దు మొర్రో అంటే వినలేదని నవ్వింది. నూకరత్నం నవ్వలేదు. మూత్రపు సంచి రంగు చూసి, కనురెప్ప కిందికి లాగి చూసి, మళ్ళీ రంగు చూసి వెళ్ళేది.

మూడో రోజు ఆ రంగు టీ డికాషన్ అయింది. దాలమ్మకు చలి పుట్టింది, నడుం విరిగినట్టు నొప్పి, కళ్ళు పసుపు. ఆమె నుంచి తీసిన చుక్కను వైద్యురాలు పలక మీద వేసింది. గడ్డలు కట్టింది ఎక్కించిన రక్తం కాదు. దాలమ్మ సొంత రక్తం.

రవంత ముత్తవ్వ మిగిలింది. నూరు కోట్ల ఏళ్ళు మట్టిలో కలిసి ఉన్నది, లేపి తెచ్చిన చోట, తనకు తెలిసిన రెండు పనుల్లో రెండోది చేసింది.

తర్వాతి రోజులు నూకరత్నానికి విడివిడిగా గుర్తులేవు. మందులు, సెలైను, కొలతలు. బిడ్డను పక్క గదిలో పెట్టి చెంచాతో పాలు తాగించిన నర్సు చేతులు. ఎటు చూడాలో తెలియక చెప్పులకేసి చూసే తమ్ముడు. అప్పలసూరి వచ్చి, నీ ముసిల్ది నా సెల్లిని తినేత్తాది అన్నాడు. ఆమె ఎదురు చెప్పలేదు. ఆ మాటకు రెండిళ్ళూ కదిలాయి, ఆ ఊపు ఆమె కాళ్ళకు తెలిసింది.

రెండోవారం నడుస్తుండగా రంగు తేలికపడింది. దాలమ్మ ఒళ్ళు ముత్తవ్వను గుర్తుపట్టింది. చక్కెరను కాదు, చక్కెరను తగిలించే చేతినే పట్టుకుని, చుట్టుముట్టి, తుడిచిపెట్టింది. పసుపు దిగింది. జ్వరం దిగింది. దాలమ్మ బిడ్డను అడిగింది.

బతికింది. ఆ బతుకులోనే ఒక తలుపు మూసుకుపోయిందని నూకరత్నానికీ సోమనాథానికీ ఒకేసారి తట్టింది. ముత్తవ్వను ఒకసారి ఎరిగిన ఒళ్ళు రెండోసారి ఊరుకోదు. నలుసంత మిగిలినా అది పట్టుకునే వేగానికి మనిషి తట్టుకోలేదు. ముత్తవ్వ తాకిన రక్తం ఎవరికైనా జీవితంలో ఒక్కసారే. సోమనాథం కళ్ళజోడు తీసి, తుడవకుండా చేతిలోనే పట్టుకుని, ఈ మాట ముందు రాద్దామమ్మా, తక్కినదంతా తర్వాత రాద్దాం అన్నాడు. ఆయనపై ఆమెకు ఎన్నడూ లేనంత గౌరవం కలిగింది.

దాలమ్మకు ఆ సంగతి చెప్పడం నూకరత్నం వంతు. ఇంటికి పంపే రోజు మధ్యాహ్నం, బిడ్డ నిద్రపోయాక, మంచం అంచున కూర్చుని చెప్పింది. మళ్ళీ ఎప్పుడైనా నెత్తురు అవసరం పడితే ఈ దారి లేదని, దేశంలో ఎక్కడో ఉన్న మన బోటివాళ్ళను వెతుక్కోవాలని, లేదంటే తానే ఉన్నానని. ఒళ్ళు బాగుచేసుకుంటానని, ఇనుము మాత్రలు మొదలుపెట్టానని. పారిపోదామనుకున్న చోటికే తిరిగి వచ్చినందుకు బాధ కలుగుతుందనుకుంది. కలగలేదు. ఫోను ఇంకా మోగుతుంది, అంతే.

దాలమ్మ బిడ్డ పిడికిలి విప్పి, వేళ్ళు ఒక్కొక్కటే నిమురుతూ వింది.

"మరి నీకో?" అంది.

"నాకింకా ముత్తవ్వ తెలీదు గదా. నాకొకసారుంది."

"దాన్ని ముట్టుకోకు," అంది దాలమ్మ. "నానిత్తాను."

నూకరత్నం తల ఎత్తింది. ఆ రెండిళ్ళలో దాలమ్మ ఇప్పటిదాకా పుచ్చుకున్న మనిషే. పుట్టుక నుంచి బక్కపలచన, ఆపైన చూలు, ఆపైన పాలు. ఇవ్వమని ఎవరూ అడగలేదు. ఇవ్వగలదని ఎవరికీ తోచలేదు. ఇన్నేళ్ళలో ఒక్కసారి నూకరత్నానికైనా తోచలేదు.

"ఎన్నాళ్ళకి ఇయ్యొచ్చు?" దాలమ్మ నిజంగానే అడుగుతోంది.

నూకరత్నం మంచం మీద ఇంకాస్త దగ్గరికి జరిగింది. ఒళ్ళు పుంజుకోవాలని, బిడ్డ పాలు మానాలని, ఆ తర్వాత ఒకసారి పరీక్ష చేసి చూడాలని, నీ రక్తంతోనే చూడాలని చెప్పింది.

దాలమ్మ లెక్క వేసుకుంటున్నట్టు బిడ్డకేసి చూసింది. బిడ్డ నిద్రలోనే పెదవులు చప్పరించింది.

"ఇది ఇప్పట్లో మానదు," అంది. "అందాకా నువ్వు జబ్బు పడకొదినా."